సుప్రీంకోర్టు మెట్లెక్కిన పాకీ బుట్ట



ఈ వరుసలో ఇప్పటిదాకా ఎక్కువగా ఊచకోతల గురించి, వాటి మీద లేచిన పోరాటాల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి వేరే కథ. నెత్తురు కనపడని హింస మీద, అరుపులు వినపడని పోరాటం గురించి.

ఎందుకు ఇప్పుడు? యూనివర్సిటీ హాస్టళ్ళలో చదువుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎక్కడ కలిసినా ఒకటే అడుగుతున్నారు: "అన్నా, మన సంఘాలు ఎందుకు కలిసి పనిచేయవు? జేఏసీ పెడతారు, నెలకే చీలిపోతుంది." నిజమే. నేను ఎన్నో ఐక్య వేదికల్లో కూర్చున్నాను. బ్యానర్ మీద ఎవరి పేరు ముందు రావాలి, ఎవరు అధ్యక్షత వహించాలి, చివరి ఉపన్యాసం ఎవరిది అన్న దగ్గరే సగం పొద్దు పోతుంది. బాధితుల్ని మాత్రం స్టేజీ మీదికి పిలిచి, దండ వేసి, రెండు మాటలు చెప్పించి, కిందికి దింపేస్తాం.

మన కళ్ళ ముందే, మన తెలుగు నేల మీదే పెరిగి, దేశమంతా పాకిన ఒక ఉమ్మడి పోరాటం ఉంది. అందులో కుర్చీలు ఎలా వేసుకున్నారో చూస్తే మన ప్రశ్నకు చాలా వరకు జవాబు దొరుకుతుంది. అదే చేతులతో మలం ఎత్తే పనిని రద్దు చేయించడానికి సాగిన పోరాటం. సఫాయి కర్మచారి ఆందోళన్ చరిత్ర.

ఒక్క మాట ముందే చెప్తాను. ఈ వ్యాసంలో 'పాకీ' అన్న మాట చాలాసార్లు వస్తుంది. అది మన భాషలో తిట్టుగా మారిన మాట. కానీ ఆ మాట తీసేసి 'పారిశుద్ధ్య సేవ' అని రాస్తే ఆ పనిలో ఉన్న కులం కనపడదు. అందుకే అలాగే రాస్తున్నాను.

పని మానేస్తే నేరం

పాకీ దొడ్డి అంటే ఏమిటో ఈ తరం పిల్లలకు చాలామందికి తెలియదు. నీళ్ళు, గొయ్యి, గొట్టం ఏమీ ఉండవు. రెండు రాళ్ళు లేదా ఒక గట్టు. దాని కింద మలం పోగు పడుతుంది. తెల్లవారుజామున ఒక ఆడమనిషి ఇంటి వెనక సందులోంచి వచ్చి, రేకు ముక్కతో గీకి, బుట్టకు ఎత్తుకుని, తల మీద పెట్టుకుని ఊరి బయట పారబోసి రావాలి. వానాకాలంలో ఆ బుట్ట కారుతుంది. మొహం మీద, ఒంటి మీద కారుతుంది. ఆ పని చేసేవాళ్ళలో అత్యధికులు ఆడవాళ్ళే. మగవాళ్ళు ఎక్కువగా మురుగు కాలవల్లోకి, మ్యాన్‌హోళ్ళలోకి దిగేవాళ్ళు.

ఇది పొట్టకూటి కోసం ఎవరో ఎంచుకున్న వృత్తి కాదు. చట్టం కూడా కులం వెనకాలే నిలబడింది. యునైటెడ్ ప్రావిన్సెస్‌లో, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో, 1916 నాటి మునిసిపాలిటీల చట్టం 201వ సెక్షన్ ఏం చెప్పిందో చూడండి. ఆచారం ప్రకారం ఒక ఇంటి దొడ్డి ఎత్తే మనిషి ఆ పని సరిగా చేయకపోతే ఇంటివాళ్ళు గానీ మునిసిపాలిటీ గానీ మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయొచ్చు. మేజిస్ట్రేటు పది రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. కొన్ని రాష్ట్రాల్లో పాకీ పని నిరాకరించడాన్నే నేరంగా చూస్తున్నారని బాబాసాహెబ్ 1945లో, కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో ఎత్తి చూపారు. ఆ పనిని పవిత్ర సేవ అని పొగిడి అందులోనే ఉండమనడాన్ని ఆయన అక్కడ గట్టిగా ఎండగట్టారు.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. బుట్ట మాత్రం తల మీదే ఉంది. ప్రభుత్వాలు కమిటీలు వేశాయి. 1949లో బొంబాయి ప్రభుత్వం బర్వే కమిటీ వేసింది. 1957లో కేంద్రం మల్కానీ కమిటీ వేసింది. తల మీద మోయకుండా తోపుడు బండి ఇవ్వాలి, మంచి పనిముట్లు ఇవ్వాలి, పని పరిస్థితులు బాగుచేయాలి అన్న ఆలోచన చుట్టూనే దశాబ్దాలు గడిచాయి. ఈ పని ఈ కులాలే ఎందుకు చేయాలి అన్న ప్రశ్న పక్కకు పోయింది.

మిత్రులారా, ఇది గుర్తుపెట్టుకోండి. మంచి చీపురు ఇవ్వండి అని అడగడం వేరు, చీపురు మా చేతిలోంచి తీసేయండి అని అడగడం వేరు. ఈ ఉద్యమం మొదలైందే రెండో డిమాండ్‌తో.

కోలార్ నుంచి

బెజవాడ విల్సన్ పేరు మీరు వినే ఉంటారు. 2016లో రామన్ మెగసెసే అవార్డు వచ్చినప్పుడు అన్ని పత్రికలూ రాశాయి. 1966లో కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల టౌన్‌షిప్‌లో, తోటి కులంలో పుట్టాడు. తండ్రి అక్కడ పాకీ పని చేసిన మనిషి. విల్సన్ చిన్నప్పుడు మన కుప్పం వచ్చి ఎస్సీ హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. తర్వాత హైదరాబాద్‌లోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి రాజనీతి శాస్త్రంలో డిగ్రీ తీసుకున్నాడు. మన హాస్టల్ బిడ్డ అన్నమాట.

దేశం లోపలి బంగారం తవ్వి తీసిన ఆ ఊళ్ళో, పైన బతికే కార్మికుల వాడలకు పాకీ దొడ్లే ఉండేవి. వాటిని ఎత్తడానికి విల్సన్ వాళ్ళ కుటుంబాల్లాంటివి ఉండేవి. 1980ల నడుమ అతను ఆ పని దగ్గరికి వెళ్ళి కళ్ళారా చూశాడు. గుంటలో పడిపోయిన బకెట్ కోసం ఒక మనిషి చేయి లోపలికి పెట్టి వెతకడం చూసి తట్టుకోలేకపోయాడు. ఈ పని మానేయండి అన్నాడు. వాళ్ళు తిరిగి అడిగింది ఒక్కటే: మానేస్తే తినేది ఏమిటి?

ప్రతి ఉద్యమకారుడూ ఎదుర్కొనే ప్రశ్న ఇది. దీనికి జవాబు లేకుండా ఆత్మగౌరవం గురించి ఉపన్యాసం ఇస్తే మన జనమే మనల్ని నమ్మరు. విల్సన్ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. గనుల యాజమాన్యానికి, ముఖ్యమంత్రికి, ప్రధానికి, పత్రికలకు. చాలా ఉత్తరాలకు జవాబే లేదు. కెమెరా పట్టుకుని దొడ్లను, వాటిని ఎత్తే మనుషులను ఫొటోలు తీశాడు. 1993లో పార్లమెంటు పాకీ పనిని, పాకీ దొడ్ల నిర్మాణాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అప్పుడు ఆ ఫొటోలకు చట్టం తోడైంది. చట్టప్రకారం చర్య తీసుకోవాల్సి వస్తుందని గనుల యాజమాన్యానికి రాశాడు. విషయం పత్రికలకెక్కింది. యాజమాన్యం దిగివచ్చి దొడ్లను నీటి మరుగుదొడ్లుగా మార్చింది. ఆ పని చేసేవాళ్ళను వేరే పనుల్లోకి మార్చింది.

చూడండి, తినేది ఏమిటి అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరికింది. దొడ్డి పోయింది, ఉద్యోగం మిగిలింది. గెలుపంటే ఆ రెండూ కలిసి రావాలి.

హైదరాబాద్‌లో ముగ్గురు

ఒక టౌన్‌షిప్‌లో గెలిచింది దేశమంతా గెలవాలంటే ఒక్కడి వల్ల కాదు. విల్సన్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాడు. ఇక్కడ దళిత హక్కుల కార్యకర్త పాల్ దివాకర్, రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ తోడయ్యారు. 1990ల నడుమ ఈ ముగ్గురి కలయికలో సఫాయి కర్మచారి ఆందోళన్ నిలబడింది.

శంకరన్ గారి గురించి ఈ తరం తప్పకుండా తెలుసుకోవాలి. ఎమర్జెన్సీ కాలంలో వెట్టిచాకిరీ రద్దు చట్టాన్ని కాగితం మీంచి పల్లెల్లోకి దింపిన అధికారి. సాంఘిక సంక్షేమ శాఖలో పనిచేసి మన హాస్టళ్ళకు ప్రాణం పోసినవాడు. త్రిపుర చీఫ్ సెక్రటరీగా చేశాడు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. తన సంపాదనలో పెద్ద భాగం మన పిల్లల చదువులకే పోయింది. అగ్రకులంలో పుట్టిన మనిషి. ఈ ఉద్యమంలో పెద్దదిక్కుగా ఉండి దారి చూపాడు. ఉద్యమానికి మాత్రం ఆ పని చేసిన కుటుంబాల బిడ్డలే ముఖం, గొంతు.

ఇక్కడ మొదట చేసిన పని సభలు పెట్టడం కాదు, లెక్క తీయడం. ఏ మునిసిపాలిటీలో ఎన్ని పాకీ దొడ్లున్నాయి, ఎవరు ఎత్తుతున్నారు, ఏ వాడలో ఉంటున్నారు. ఆ పని చేసిన కుటుంబాల యువకులే పట్టణాలు తిరిగి, సందుసందూ వెతికి వివరాలు రాశారు. దొడ్లను కూల్చే కార్యక్రమాలు నడిచాయి. అనంతపురంలో 400 సీట్ల పబ్లిక్ పాకీ దొడ్డి ఉండేదంటే ఈ రోజు పిల్లలు నమ్ముతారా? గీతా రామస్వామి 2005లో ఇంగ్లీషులో రాసిన 'ఇండియా స్టింకింగ్' ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని, ఈ మనుషుల గురించే. ఆమె కూడా ఆ పని చేసిన మనిషి కాదు. తన చేతిలో ఉన్నది కలం, ఆ కలాన్ని తెచ్చి ఇచ్చింది.

వర్గీకరణ మంటల నడుమ

ఈ ఉద్యమం మొదలైన కాలాన్ని ఒక్కసారి గుర్తుచేసుకోండి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. దానికి ఎదురుగా మాల మహానాడు నిలబడింది. ఆ తర్వాత పదేళ్ళు మన వాడల్లో ఏం జరిగిందో మీకు తెలుసు. దాని న్యాయాన్యాయాలు ఈ రోజు విషయం కాదు. కానీ అప్పటి ఏ, బీ, సీ, డీ గ్రూపుల జాబితా తీసి చూడండి. 15 శాతంలో ఏ గ్రూపుకు ఇచ్చింది 1 శాతం. అందులో 12 కులాలు. రెల్లి, మెహతర్, పాకీ, తోటి, డోం, గాసి, బావురి... అంటే ఈ సమాజపు మలాన్ని తల మీద మోసిన కులాల్లో చాలావరకు ఆ ఒక్క శాతంలోనే ఉన్నాయి.

మాల మాదిగల వాదనల హోరులో ఈ కులాల గొంతు దాదాపుగా వినపడలేదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ నుంచి గోదావరి జిల్లాలు, విజయవాడ దాకా మునిసిపాలిటీ పనుల్లో ఉన్న రెల్లి సోదరులు, ఉత్తరాది నుంచి తరాల కిందట హైదరాబాద్ వచ్చిన మెహతర్లు. ఒక భాష కాదు, ఒక దేవుడు కాదు, ఒక ప్రాంతం కాదు. కొన్ని పట్టణాల్లో మాదిగలు, కోస్తాలో ఎస్టీలైన యానాదులు కూడా ఇదే పనిలో ఉన్నారు. సరిహద్దు దాటితే అరుంధతీయులు, వాల్మీకులు, ముస్లింలలో హలాల్‌ఖోర్లు.

వీళ్ళందరినీ ఒక తాటి మీదికి తెచ్చింది కులం పేరు కాదు. 'మనం దళితులం, కలిసి ఉందాం' అన్న నినాదం ఒక్కటే అయితే అది కూడా మిగతా వేదికల్లాగే చీలిపోయేది. బుట్ట కలిపింది. దానికి ఒకే ఒక్క డిమాండ్: ఈ పని ఉండకూడదు. దాని మీద ఎవరికీ రెండో మాట లేదు. మన జేఏసీల డిమాండ్ల పత్రాలు చూడండి, ఇరవై అయిదు ఉంటాయి. ఒక్కటీ తీరే దాకా ఎవరూ ఉండరు.

కోర్టులో అబద్ధాలు, సందుల్లో నిజాలు

1993 చట్టం ఎంత బలహీనమైందో తెలిస్తేనే తర్వాతి కథ అర్థమవుతుంది. పారిశుద్ధ్యం రాష్ట్రాల జాబితాలో ఉంది కాబట్టి 252వ అధికరణం కింద ఆ చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్, గోవా, కర్ణాటక, మహారాష్ట్ర, త్రిపుర, పశ్చిమ బెంగాల్ శాసనసభల తీర్మానాలతో అది వచ్చింది. మొదట ఆ ఆరు రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు మాత్రమే వర్తించింది. మిగతావి తమంతట తాము స్వీకరిస్తేనే. 1993లో చేసిన చట్టం అమల్లోకి వచ్చింది 1997 జనవరి 26న. దాని చూపంతా దొడ్డి మీదే, శుభ్రత మీదే. మనిషి గౌరవం మీద కాదు. శిక్ష ఏడాది దాకా జైలు, 2000 రూపాయల దాకా జరిమానా. ఏళ్ళు గడిచినా ఆ చట్టం కింద శిక్ష పడినవాళ్ళు కనపడలేదు. బ్రిటిష్ కాలంలో పని చేయనందుకు పాకీ మనిషికి జరిమానా వేసిన చట్టం ఉంది. స్వతంత్ర దేశంలో ఆ పని చేయించినవాడి మీద మాత్రం చట్టం కదల్లేదు.

2003 డిసెంబర్‌లో సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ పడింది. 2003లో 583వ నంబరు. ఎవరు వేశారో చూడండి. సఫాయి కర్మచారి ఆందోళన్, దానితో మరో ఆరు పౌర సంఘాలు, వాటితో పాటు ఆ పని చేసే కులాలకు చెందిన ఏడుగురు వ్యక్తులు.

ఆ ఏడుగురిని సాక్షులుగా, ఉదాహరణలుగా చూపించి వదిలేయొచ్చు. అలా చేయలేదు. వాళ్ళే పిటిషనర్లు. భారత ప్రభుత్వం, రాష్ట్రాలు వాళ్ళకు జవాబు చెప్పాలి. తరతరాలుగా ఇంటి ముందు వాకిలి తొక్కనివ్వని మనుషులు దేశపు అత్యున్నత న్యాయస్థానంలో రాజ్యాన్ని ఎదురుగా నిలబెట్టారు. రాష్ట్రాలతో పాటు రైల్వే, రక్షణ లాంటి కేంద్ర శాఖలను కూడా ఉల్లంఘనదారులుగా చూపించారు. ఎందుకంటే రైలు పట్టాల మీద పడే మలాన్ని ఎత్తిస్తున్నది ప్రభుత్వమే.

రాష్ట్రాలు అఫిడవిట్లు వేశాయి. మా దగ్గర పాకీ దొడ్లు లేవు, పాకీ పనివాళ్ళు లేరు అన్న మాట మళ్ళీ మళ్ళీ వచ్చింది. అప్పుడు పనికొచ్చింది ఆ సర్వే. ఫలానా ఊరు, ఫలానా వీధి, ఫలానా దొడ్డి, ఎత్తుతున్న మనిషి, ఫొటో. రాష్ట్రం లేదన్న ప్రతిసారీ అదే జిల్లా నుంచి ఆధారాలు కోర్టు ముందుకు వచ్చాయి. ఇది ఒకసారి చేసి ఊరుకున్న పని కాదు. పదేళ్ళకు పైగా చేశారు. ఈ కేసు నడిచిన కాలంలోనే మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటిగా 1993 చట్టాన్ని స్వీకరించాల్సి వచ్చింది.

ప్రభుత్వం లెక్కలే ప్రభుత్వాన్ని పట్టించాయి. కేంద్ర మంత్రిత్వ శాఖ 2002-03 లెక్కల్లోనే 6.76 లక్షల మంది ఈ పనిలో ఉన్నారని, 92 లక్షల పాకీ దొడ్లున్నాయని ఉంది. పునరావాస పథకం మీద 600 కోట్లకు పైగా ఖర్చుపెట్టినా పదేళ్ళలో లక్ష్యం నెరవేరలేదని 2003లో కాగ్ తేల్చింది. 2011 జనాభా లెక్కల్లో మనుషులు మలం ఎత్తే దొడ్లు 7,94,390 అని తేలింది.

బుట్టలు తగలబెట్టి, బస్సులెక్కి

కోర్టు ఒక్కదాన్నే నమ్ముకుంటే తారీఖుల మీద తారీఖులు పడతాయి. అందుకే కోర్టు బయట పోరాటం ఆగలేదు. ఆడవాళ్ళు బుట్టలను నడివీధిలో తగలబెట్టారు. 2010లో దేశం అయిదు దిక్కుల నుంచి బస్సుల్లో సామాజిక పరివర్తన యాత్ర బయల్దేరి నవంబర్ 1న ఢిల్లీ చేరింది. ఆ యాత్ర సాగుతుండగానే, అక్టోబర్ 7న హైదరాబాద్‌లో శంకరన్ గారు కన్నుమూశారు. యాత్ర ఆగలేదు. ఒక పెద్దమనిషి పోయినా ఆగకుండా నడిచేలా కట్టిన ఉద్యమం అది.

2013లో కొత్త చట్టం వచ్చింది. పాకీ పనివాళ్ళ నియామక నిషేధం, పునరావాసం చట్టం. అదే ఏడాది డిసెంబర్ 6న, బాబాసాహెబ్ పరినిర్వాణ దినాన అమల్లోకి వచ్చింది. ఈసారి పారిశుద్ధ్యం పేరుతో కాదు. చారిత్రక అన్యాయం, మనిషి గౌరవం అన్న మాటలు చట్టం పీఠికలోకి ఎక్కాయి. పాకీ దొడ్లతో పాటు రైలు పట్టాలు, బహిరంగ కాలవలు కూడా నిర్వచనంలోకి వచ్చాయి. రక్షణ లేకుండా మురుగు కాలవల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దించడం నేరమైంది. పునరావాసం దయ కాదు, హక్కు అయింది.

2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు కాలవల్లో చనిపోయిన వాళ్ళందరి కుటుంబాలను గుర్తించి ఒక్కొక్క కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. పట్టాల మీద ఈ పనిని ఆపడానికి గడువుతో కూడిన ప్రణాళిక వేయాలని రైల్వేను ఆదేశించింది. 2023 అక్టోబర్ 20న మరో కేసులో ఆ పరిహారాన్ని సుప్రీంకోర్టు 30 లక్షలకు పెంచింది.

ఎవరు ఏం తెచ్చారు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ సంఘాలు ఎలా కలిసి పనిచేయగలిగాయి?

ఆ పని చేసిన ఆడవాళ్ళు సాక్ష్యం తెచ్చారు, బుట్ట దించే తెగువ తెచ్చారు. ఆ కుటుంబాల యువకులు సందుసందూ తిరిగి లెక్క తెచ్చారు. హక్కుల సంఘాలు ఇతర రాష్ట్రాల్లో తమకున్న మనుషులను, ఆఫీసులను తెచ్చాయి. లాయర్లు చట్టం భాష తెచ్చారు. పాత ఐఏఎస్ అధికారి ప్రభుత్వం లోపల ఫైలు ఎక్కడ ఆగుతుందో ఆ జ్ఞానం తెచ్చాడు. రచయితలు, ఫొటోగ్రాఫర్లు బయటి లోకం కళ్ళు తెరిపించారు. ఎవరి దగ్గర ఏముందో అది తెచ్చి నడుమ పెట్టారు. దేని గురించి అడగాలి అన్న నిర్ణయం మాత్రం బుట్ట మోసిన వాళ్ళ చేతిలో ఉంది.

మన దగ్గర జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. డిమాండ్ నాయకులు రాస్తారు, జనాన్ని బాధితులు తెస్తారు. అందుకే నాయకులకు తేడా వచ్చిన రోజు వేదిక కూలిపోతుంది. జనానికి ఆ డిమాండ్ తమది అని ఎప్పుడూ అనిపించలేదు కాబట్టి వాళ్ళు దాన్ని నిలబెట్టరు.

ఇంకొకటి. ఈ కలయికలో అన్ని సంఘాలూ అన్ని విషయాల మీదా ఏకాభిప్రాయానికి రావాలన్న షరతు లేదు. అంబేద్కరైట్లు, గాంధేయ నేపథ్యం ఉన్నవాళ్ళు, వామపక్ష భావాల వాళ్ళు, చర్చి నేపథ్యం ఉన్నవాళ్ళు ఈ ఒక్క విషయం మీద నిలబడ్డారు. మిగతా వాటి మీద ఎవరి వాదన వాళ్ళకుంది. ఐక్యత అంటే అన్నీ ఒకేలా ఆలోచించడం అనుకుంటే మనకు ఎప్పటికీ ఐక్యత రాదు.

మిగిలిపోయింది

గెలిచామని చెప్పి ముగించడానికి నాకు మనసు రావడం లేదు. దొడ్డి కూలింది, మ్యాన్‌హోల్ మిగిలింది. 2016లో హైదరాబాద్ మాదాపూర్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన కార్మికులు, వాళ్ళను కాపాడబోయిన మనిషితో కలిపి నలుగురు చనిపోయారు. అంతకు కొన్ని నెలల ముందే, 2015 డిసెంబర్‌లో దిబ్రూగఢ్‌లో మొదలైన భీమ్ యాత్ర 125 రోజులు దేశమంతా తిరిగి, బాబాసాహెబ్ 125వ జయంతికి ఒక రోజు ముందు ఢిల్లీ చేరింది. దాని నినాదం ఒక్కటే, మమ్మల్ని చంపడం ఆపండి. ఆ నినాదం ఇప్పటికీ పాతబడలేదు.

2013 చట్టంలో కూడా సందు ఉంది. కేంద్రం చెప్పిన పరికరాలు, రక్షణ సామగ్రి ఇచ్చి చేయిస్తే ఆ మనిషిని 'పాకీ పనివాడు'గా లెక్కించరు. అంటే చేతికి గ్లౌజు తొడిగితే లెక్కలోంచి తీసేయొచ్చు. బర్వే కమిటీ నాటి తోపుడు బండి ఆలోచన ఇంకా చావలేదన్నమాట. దానికి తోడు కాంట్రాక్టు విధానం. మనిషి చస్తే కాంట్రాక్టర్ మావాడు కాదంటాడు, మునిసిపాలిటీ మాకు సంబంధం లేదంటుంది.

ఇక్కడే మన తెలుగు రాష్ట్రాల్లో నాకు పెద్ద లోటు కనపడుతుంది. మునిసిపల్ కార్మిక సంఘాలు బలంగా పోరాడుతున్నాయి. 2023 డిసెంబర్ చివర ఆంధ్రప్రదేశ్‌లో పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగారు. జీతం, పర్మినెంట్, సమాన పనికి సమాన వేతనం, అన్నీ న్యాయమైన డిమాండ్లు. మరోపక్క దళిత సంఘాలు కుల నిర్మూలన గురించి మాట్లాడుతున్నాయి. ఈ రెండూ ఒక టెంటు కిందికి రావడం నేను చాలా తక్కువగా చూశాను. సమ్మె టెంటులో 'ఈ పనిలో ఈ కులాలే ఎందుకున్నాయి' అన్న ప్రశ్న వినపడదు. అంబేద్కర్ జయంతి సభలో ఆ కార్మికుల జీతాల బకాయి గురించి ఎవరూ మాట్లాడరు. రెల్లి వాడలో మాల, మాదిగ సంఘాల జెండా కనపడడం కూడా అరుదే.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పెద్ద ఐక్య వేదిక కోసం ఎదురుచూడకండి. మీ పట్టణం నుంచి మొదలుపెట్టండి. 2013 చట్టం ప్రకారం జిల్లా స్థాయిలో నిఘా కమిటీ ఉండాలి. మీ జిల్లాలో ఉందా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది, సమాచార హక్కు కింద అడగండి. మీ మునిసిపాలిటీలో ఈ చట్టం కింద సర్వే చేశారా, ఎంతమందిని గుర్తించారు, ఎంతమందికి పునరావాసం ఇచ్చారు అడగండి. 1993 నుంచి మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవాళ్ళ జాబితా అడగండి. పరిహారం అందిందా అడగండి. జవాబు 'నిల్' అని వస్తుంది. అప్పుడు పారిశుద్ధ్య కార్మికుల వాడకు వెళ్ళండి. వాళ్ళు ఏం అడగాలనుకుంటున్నారో ముందు వినండి, తర్వాత వాళ్ళతో కలిసి కూర్చుని లెక్క రాయండి.

ఆ లెక్క పుస్తకం మీద ఏ సంఘం పేరు వేయాలి అన్న గొడవ వస్తే, ఆ వాడ పేరు వేయండి. అంతకంటే మంచి పేరు మన సంఘాల్లో దేనికీ లేదు.

వచ్చే భాగంలో విశాఖ, విజయనగరం రెల్లి వాడల చరిత్ర గురించి మాట్లాడుకుందాం. అక్కడి సంగతులు తెలిసినవాళ్ళు, పెద్దవాళ్ళ నోట విన్నవాళ్ళు చెప్తే వాళ్ళ మాటగానే రాస్తాను.

జై భీమ్!